మునికుమారి నాయన తిథి

రేణిగుంట రోడ్డులో నడుస్తున్నప్పుడు కాలిన రబ్బరు వాసన ముక్కుకు సోకితే నాకు అధికమాసం గుర్తుకు వస్తుంది. ఈ రెండింటికీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే తడుముకోవలసిందే. నిన్న ఉదయమూ అదే జరిగింది. లారీ టైరుకు అతుకు వేస్తున్న ఒక దుకాణం ముందు నా కాళ్లు ఆగిపోయాయి. వేడెక్కిన ఇనుప బిళ్ల కింద రబ్బరు మెత్తబడుతున్నది. ఆ ఘాటు గొంతులోకి దిగి దగ్గు వచ్చింది. దుకాణదారు తలెత్తి, "యాడికి పోవాల సామీ?" అని అడిగాడు. ఎక్కడికీ లేదని చెప్పి ముందుకు కదిలాను. నా మనసు మాత్రం అటువంటిదే మరొక టైర్ల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, మేడమీద గదిలో, మునికుమారి ఎదుట కూర్చున్నది.

మునికుమారిని ఎరిగినవారు తక్కువ. ఆమె ఆ మేడమీద కొన్నేళ్లు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయం నడిపింది. తరువాత దానిని ఎత్తివేసి చెన్నైలో ఏదో ఉద్యోగంలో కుదురుకున్నది. నేనేమో ప్రాచ్యకళాశాలలో తెలుగూ సంస్కృతమూ బోధించి విశ్రాంతి పొందినవాణ్ణి. వయస్సులో ఆమె నా శిష్యురాళ్లలో ఎవరికైనా కూతురు కాదగినది. అయినప్పటికీ, నా జీవితంలో చివరి గురువు ఎవరని నన్ను నేను ప్రశ్నించుకొన్నప్పుడల్లా ఆమె ముఖమే కనిపిస్తుంది. పొట్టి మనిషి. కార్యాలయం గడప బయటనే చెప్పులు విడిచేది. కంప్యూటరు పక్కన ఉప్పూకారమూ అద్దిన మామిడి ముక్కలు ఎప్పుడూ ఉండేవి. పని సాగుతున్నంతసేపు కూర్చొని, సందేహం పుట్టగానే లేచి నిలబడేది. కూర్చొని సందేహిస్తే నిద్ర వస్తుందని ఆమె వాదం. ఆమె నాకు నేర్పినదేమిటో విస్పష్టంగా చెప్పగలిగినట్లయితే ఇది నాలుగు వాక్యాలలో ముగిసేది. చెప్పలేకపోతున్నాను గనుకనే ఇంత వ్రాయవలసి వస్తున్నది.

మొదటిసారి ఆమె మా ఇంటికి వచ్చింది. ఫోనులో చూచుకొనే పంచాంగం ఒకటి తయారు చేస్తున్నామనీ, దానిని జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాషలో వ్రాస్తున్నామనీ చెప్పింది. మా తండ్రిగారి వద్ద నేను తిథి గణితం అభ్యసించిన సంగతి ఎవరి ద్వారానో ఆమెకు తెలిసింది. "లెక్క సరిగా వస్తా ఉండాదో లేదో చెప్పేదానికి మాకొక పెద్దాయన కావాల అయివోరూ," అన్నది. మా సీమలో ఉపాధ్యాయుణ్ణి పిలిచే పిలుపు అది. "దానిదేముందమ్మా, తయారైన తరువాత తీసుకొని రా, చూచి చెబుతాను," అన్నాను.

"సూసి చెప్పేది కాదు సామీ. సూడకముందే చెప్పాల."

నాకు బోధపడలేదు. ఆమె ఓపికగా విడమరచింది. నేను చేతితో గణించి జవాబు ముందుగానే వ్రాసి ఇవ్వాలి. ఆ తరువాత యంత్రాన్ని అదే ప్రశ్న అడుగుతారు. రెండూ సరిపోతే తెరమీద పచ్చరంగు, సరిపోకపోతే ఎరుపు. అదీ పంచాంగం మొత్తానికి కలిపి ఒక్కసారి కాదు. సూర్యోదయం వేరు, తిథి వేరు, మాసం వేరు, దేనికది విడదీసి అడుగుతారు. యూనిట్ టెస్ట్ అని వారి పరిభాష. "సాంబారంతా ఉడికినాక నోట్లో పోసుకుంటే చెడింది పప్పో చింతపండో తెలీదు గదా," అన్నది. అంతవరకు బాగానే ఉన్నది. ఆపైన తలపట్టుకొనే ప్రశ్న ఒకటి వేసింది. "మీరు రాసిచ్చే జవాబు సరైందని మాకెట్ల తెలియాల?"

అన్ని సంవత్సరాల అధ్యాపకత్వంలో నన్నెవరూ ఆ మాట అడిగి ఉండలేదు. "మా తండ్రిగారు నేర్పిన గణితమమ్మా," అన్నాను. "ఆయనకెవురు నేర్పినారు?" "ఆయన తండ్రిగారు." ఆమె, "అంటే ఇంతదాకా ఎవురూ తప్పని చెప్పలేదు, అంతే గదా," అన్నది. ఆ గొంతులో హేళన లేదు. ధరవరలు విచారిస్తున్నట్లుగా అడిగింది. నాకు కోపం రావలసింది, రాలేదు. ఎందుకు రాలేదో నాకు నేటికీ అయోమయమే.

పంచాంగమే ఎందుకు ఎంచుకొన్నావని నేను అడిగినప్పుడు, ఆమె దాపరికం లేకుండా తన ఇంటి సంగతి చెప్పింది. ఆమె తండ్రి లారీ తోలేవాడు. ఆమె బడిలో చదువుకొంటున్న కాలంలో తడ దగ్గర, బండి ఆపి టీ తాగుతూ, గుండె ఆగి మరణించాడు. అది అధిక శ్రావణ మాసం. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి సంవత్సరం కంటె కురుచ గనుక, ఆ వెలితి పూరించడానికి ఇంచుమించు మూడేళ్లకొకసారి ఒక మాసాన్ని అదనంగా చేరుస్తారు. తరువాత వచ్చే మాసం పేరే దానికీ పెట్టి అధికమంటారు. ఆ మాసంలో పోయినవారికి మరుసటి ఏడు చిక్కు వస్తుంది. ఆ మాసమే ఉండదు కదా! తెలుగువారి ఆచారం ప్రకారం మామూలు శ్రావణంలో అదే తిథినాడు పెడతారు. మునికుమారి తల్లి పుట్టిల్లు తమిళ సీమలోని గుడియాత్తం వైపు. అక్కడివారు సూర్యుణ్ణి పట్టి నెలలు లెక్కిస్తారు. వారి లెక్కకు ఆయన పోయినది ఆడి నెల. కాబట్టి ఆడి నెలలోనే పెట్టాలి. రెండింటికీ సుమారు నెల తేడా. కొడుకులు లేని ఇల్లు కావడంతో, బంగారుపాళెం దగ్గర పల్లెలో ఉండే చిన్నాయన శ్రావణంలో అన్నగారికి పెట్టేవాడు. చిత్తూరులో తమ్ముడి పంచన ఉండే తల్లి ఆడి నెలలో తాను పెట్టుకొనేది. ఒకరు వండిన అన్నం మరొకరు ముట్టరు.

"మా నాయనకి ఏడాదికి రెండు తద్దినాలు సామీ. రెండింటికీ నేనే పోవాల. రెండుతావులా అడిగేది ఒకటే, 'అవతల కూడా తిన్నావా?' అని," అన్నది మునికుమారి. "చివరికి ఇద్దరి కాళ్లూ గడ్డాలూ పట్టుకున్నాక ఒక మాటకొచ్చినారు. నేను చేసే పంచాంగం ఏ రోజు చెప్తే ఆ రోజు, ఇద్దరూ కలిసే పెడతారంట. మిషనుకి కులం లేదు, గోత్రం లేదు, గుడియాత్తం లేదు. అందుకని ఒప్పుకున్నారు."

నేను ధర్మశాస్త్రం చెప్పినట్లు, అధికమాసంలో గతించినవారికి మామూలు మాసంలోనే, అంటే నిజమాసంలోనే ఆబ్దికం అని నియమం వ్రాసి ఇచ్చాను. అది చిన్నాయన పక్షమని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. "మీరు శాస్త్రం చెప్పండి. ఎవురికి నొప్పి అనేది నేను సూసుకుంటాను," అన్నది. ఆ విధంగా నేను ఆ మేడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను.

ఆ కార్యాలయంలో ప్రోగ్రాములు వ్రాసేవారు ఇద్దరు. పుంగనూరు నుంచి వచ్చిన రెడ్డెప్ప భారీ మనిషి, నిదానస్తుడు. చిత్తూరు కుర్రవాడు డేవిడ్ సన్నగా, చురుకుగా ఉండేవాడు. వీరిద్దరి మధ్య నేను వెళ్లేనాటికే ఒక కలహం ముదిరి ఉన్నది. పైన చెప్పిన పరీక్షలు నడిపించడానికి వేర్వేరు పనిముట్లు ఉన్నాయట. వాటిలో దేనిని వాడాలన్నదే తగవు. రెడ్డెప్పకు మోకా అనే పనిముట్టు అలవాటు. డేవిడ్ జెస్ట్ పక్షం. జాస్మిన్ అని ఇంకొకటి, ఈ నాలుగింటిలోనూ వయస్సులో పెద్దది. వైటెస్ట్ అని మరొకటి, అన్నిటికంటె చిన్నది. అందరూ చేసే పని ఒకటే అయినప్పుడు తగవెందుకని నా ధర్మసందేహం.

మునికుమారి ఒకనాడు కుర్చీలోంచి లేచి నిలబడి, "వీళ్లిద్దరూ ఈ జన్మలో తేల్చరు. అయివోరూ, మీరే మధ్యస్తం చెప్పండి," అన్నది. నేను నిర్ఘాంతపోయాను. "వాటి పేర్లు పలకడానికే నా నోరు తిరగదమ్మా," అన్నాను. "అందుకే మీరు. నేను చెప్తే ఒకడు అలుగుతాడు. మీకు అన్నీ తెలీవు గాబట్టి అన్నీ సమానమే," అన్నది. పంచాయతీకి పెద్దమనిషిని ఎంచే న్యాయం ఇటువంటిదని నాకు అంతవరకు తెలియదు.

ఆనాటి నుంచి ఇద్దరూ నా కుర్చీకి చెరొక పక్క చేరి వకీళ్లవలె వాదించసాగారు. "మోకా అంటే పొయ్యి మాత్రమే సామీ," అనేవాడు రెడ్డెప్ప. "గిన్నెలు, గరిటెలు మనమే తెచ్చుకోవాల. మనకి కావాల్సిందే తెచ్చుకుంటాం, అక్కరలేని బరువు ఉండదు." జవాబులను సరిపోల్చడానికి ఒకటి, లేని వస్తువుకు బదులు నటించడానికి ఇంకొకటి, విడిగా తెచ్చి దానికి తగిలించాలని తాత్పర్యం. డేవిడ్ ఊరుకొనేవాడు కాదు. "జెస్ట్ అయితే వంట మేస్త్రీ మాదిరి సార్. గిన్నెలు, మనుషులు, అరిటాకులు అన్నీ వాడే తెస్తాడు. మనం పోయి కూర్చుంటే సాలు." "ఆ మేస్త్రీ సరుకంతా ఇంట్లోకి దించేసరికి మనకి నిలబడేదానికి తావుండదు సామీ," అని రెడ్డెప్ప. వైటెస్ట్ ఆ మేస్త్రీకి తమ్ముడి వంటిదట, కొంచెం వేగం ఎక్కువట. జాస్మిన్ తన సామాను తానే తెచ్చుకొంటుందిగాని, ప్రశ్నలను రోజుకొక వరుసలో కలగాపులగం చేసి అడుగుతుందట. ఎందుకట్లా అని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు.

నేను ఒక కాగితం మీద గళ్లు గీసి వ్రాసుకొన్నాను: వేగం, బరువు, తప్పు దొరికినప్పుడు దానిని చూపించే తీరు. తర్కశాస్త్రంలో ప్రత్యక్షం, అనుమానం అంటూ ప్రమాణాలను వేరు చేసి చదువుకొన్నవాణ్ణి. ఒక్కొక్క ప్రమాణం ఒక్కొక్క విధమైన జ్ఞానాన్ని ఇస్తుంది. ఇక్కడ ప్రశ్న అదే, జవాబు అదే. అడిగే నోరు మాత్రం వేరు. నోరు మారితే నిజం మారుతుందా? మారదు గదా. అటువంటప్పుడు నేను తీర్పు చెప్పవలసినది సౌకర్యాన్ని గురించే తప్ప సత్యాన్ని గురించి కాదు. ఈ నిర్ణయానికి వచ్చి, తేలికైన పనే అని ఊపిరి పీల్చుకొన్నాను.

అదే వారంలో మునికుమారి మిఠాయి పొట్లంతో మెట్లెక్కి వచ్చింది. పంచాంగం ఇంకా జనంలోకి వెళ్లలేదు. అయినా ఆమె తన ఫోనులో తండ్రి తిథి అడిగి చూచిందట. ఒక తేదీ వచ్చింది. తల్లికీ చిన్నాయనకూ ఆ తేదీ చెప్పింది. "ఇద్దరూ గోడ క్యాలెండరు సూసుకున్నారు సామీ. అది మా అమ్మదీ కాదంట, చిన్నాయనదీ కాదంట. ఎవురిదీ కాదు గాబట్టి ఇద్దరూ సరే అన్నారు," అని నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. చిన్నాయనది తెలుగు లెక్క, నేను ఇచ్చిన నియమమూ తెలుగు లెక్కే. అటువంటప్పుడు ఆ రోజు ఆయనదీ కాకపోవడమేమిటన్న శంక నాలో తలెత్తకపోలేదు. పల్లెలో ఏ క్యాలెండరు చూచి ఏమి పొరబడుతున్నారో అని సరిపెట్టుకొన్నాను. పాలకోవా చేతిలో ఉన్నప్పుడు శంకలు ఎక్కువసేపు నిలవవు.

ఎరుపు ఆ తరువాత పడింది. నేను ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క ప్రశ్నపత్రంగా జవాబులు వ్రాసి ఇచ్చాను. నా మధ్యస్థం కోసం అవే పత్రాలను అన్ని పనిముట్లతోనూ నడిపించారు. జెస్ట్‌లో అన్నీ పచ్చ. దాని తమ్ముడిలోనూ పచ్చే. మోకాలో అధిక శ్రావణం ఉన్న సంవత్సరం పచ్చ, దాని వెనుక వచ్చే సంవత్సరంలో మాసం దగ్గర ఎరుపు. జాస్మిన్‌లో ఉదయం ఎరుపు, మధ్యాహ్నం పచ్చ.

"నీది ఎప్పుడు సూసినా గంగజాతర కుంకం మాదిరే ఉంటాది గదప్పా," అన్నాడు డేవిడ్. "నీది పెళ్లిపందిరి. పెళ్లికొడుకు లేకపోయినా పచ్చగానే ఉంటాది," అన్నాడు రెడ్డెప్ప. వారు అట్లా అనుకొంటూ ఉండగా నేను కాగితం, కలం తీసుకొన్నాను. నేను ఆ సంవత్సరాన్ని మళ్లీ గణించాను. నా జవాబులో దోషం లేదు. ఒకే ప్రశ్న, ఒకే యంత్రం, ఒకే జవాబు. ఒకరు సరి అంటున్నారు, ఒకరు తప్పంటున్నారు, మూడవవారు పూటకొక మాట చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి? మెజారిటీనా? నా గళ్ల కాగితంలో దీనికి గడి లేదు.

మునికుమారి లేచి నిలబడింది. ఎర్రబడిన సంవత్సరాన్ని మోకాలో ఒంటరిగా నడపమన్నది. పచ్చ వచ్చింది. వరుస తిప్పి, దానిని ముందు పెట్టి అధిక సంవత్సరాన్ని వెనుక పెట్టమన్నది. రెండూ పచ్చ. మళ్లీ మొదటి వరుసలో పెట్టమన్నది. ఎరుపు. ఆమె మామిడి ముక్క ఒకటి కొరికి, చాలాసేపు నమలకుండా నోట్లో ఉంచుకొని తెరవైపే చూచింది. ఆ తరువాత నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"పనిముట్లలో తప్పులేదు సామీ. మన ప్రోగ్రాములోనే. అధికమాసం ఉండే ఏడు అడిగినప్పుడు 'ఈ ఏడు రెండు శ్రావణాలు' అని ఒకచోట గుర్తు పెట్టుకుంటాది. లెక్క అయినాక ఆ గుర్తు చెరపడం మరిచిపోయినాము. వెంటనే ఇంకో ఏడు అడిగితే, దాంట్లో గూడా రెండు శ్రావణాలే అనుకుంటాది. జెస్ట్ ఏం చేస్తాదంటే, ఒక్కో కాగితానికీ ఒక్కో కొత్త గది. ముందు గదిలో మాట వెనక గదికి వినపడదు. మోకా అందరినీ ఒకే హాల్లో కూర్చోబెడతాది. జాస్మిన్ కూర్చోబెట్టే వరస మారుస్తాది."

నాకు అర్థమైనట్లే అనిపించింది. ఒక ఇంట్లో చావు వార్త విని వచ్చినవాడు, పక్క ఇంటి పెళ్లిలో కూడా గొంతు తగ్గించి మాట్లాడటం వంటిది. కాని ఆ పోలిక ఆమెకు చెప్పేలోగానే ఆమె ముఖం మారింది. ఫోను చేతిలోకి తీసుకొన్నది.

"నేను మొదట నాయన పోయిన ఏడు అడిగినాను," అన్నది. "ఆ వెంటనే ఈ ఏడు అడిగినాను."

ఆమె ఫోనులో పంచాంగాన్ని మూసి, కొత్తగా తెరిచి, ఈ ఏటి తిథి ఒక్కటే అడిగింది. వేరే తేదీ వచ్చింది. నేను చూచాను, శ్రావణ బహుళంలో, చిన్నాయన ఏటా పెట్టే రోజే అది. మునుపు వచ్చిన తేదీ ఏదని అప్పుడు అడిగాను. చెప్పింది. లెక్కించి చూస్తే, లేని రెండవ శ్రావణాన్ని లెక్కపెట్టి అది సరిగ్గా ఒక చాంద్రమాసం ఆలస్యంగా పడింది. భాద్రపద బహుళం, అదే తిథి. అంటే మహాలయ పక్షం. పితృదేవతలందరినీ, ఏ లెక్కవారైనా, ఏ సీమవారైనా తలచుకొనే పక్షం. యంత్రం పొరబడి పొరబడి, పెద్దలకు పెట్టుకొనే రోజులలోనే వెళ్లి పడింది. దీనిని ఏమనాలి?

రెడ్డెప్ప ముందుగా నోరు విప్పాడు. "అక్కా, చెప్పకపోతే ఏమి? ఇద్దరూ ఒప్పుకున్నారు గదా." డేవిడ్ జీవితంలో మొదటిసారి రెడ్డెప్పతో ఏకీభవించాడు. నేనూ వారి పక్షమే చేరాను. "అమ్మా, ఆ రోజు కూడా శాస్త్రసమ్మతమే. తిథి తెలియనివారికి, తప్పినవారికి, అందరికీ మహాలయం ఆధారం. ఉండనీ," అన్నాను.

"తెలీనోళ్లకి గదా సామీ. మనకి తెలిసిపోయింది. తెలిసినాక తెలీనోళ్ల మాదిరి ఎట్ల ఉండేది?" అన్నది. మళ్లీ, "రోజు మంచిదే. కానీ నేను దానికి చెప్పిన కారణం తప్పు. రేపు ఇంకో ఇంట్లో ఇట్లనే ఒక బిడ్డ అడిగితే దానికి మంచి రోజు పడకపోవచ్చు," అన్నది.

మా ముందే తల్లికి ఫోను చేసింది. స్పీకరులో ఆమె గొంతు వినిపించింది. యంత్రం తప్పు చెప్పిందని కూతురు వివరించింది. "అంటే మీ చిన్నాయనదే సరి అంటావు," అన్నది తల్లి. "తెలుగు లెక్క ప్రకారం అంతేమ్మా," అని మునికుమారి. "నీ మిషను గూడా ఆ పక్కకే పోయిందా. సరే, ఫోను పెట్టెయ్." చిన్నాయన మాత్రం ఉత్సాహంగా, "నేను మొదుట్నించీ చెప్తానే ఉండాను గదమ్మా. మీ అమ్మకి చెప్పు," అన్నాడు. చెప్పవలసిన అవసరం లేకుండానే కుదిరిన సంధి చెడిపోయింది. తల్లి తన ఆడి నెలలో తాను పెట్టుకొంటానని తమ్ముడి చేత కబురు చేసింది.

ఆనాడు ఆమె ఇంటికి వెళ్లకుండా ఒక కొత్త ప్రశ్న వ్రాసింది. ముందు తండ్రి పోయిన సంవత్సరం, వెంటనే ఈ సంవత్సరం, రెండూ ఒకే కాగితంలో, ఒకే గదిలో. దానిని డేవిడ్ పనిముట్టుతోనే నడిపింది. అది మొదటిసారి ఎర్రబడింది. ఎర్రబడిన తరువాతనే ప్రోగ్రాములో ఆ చెరపని గుర్తును చెరిపే వాక్యం వ్రాసింది. మళ్లీ నడిపితే పచ్చబడింది. "ఎర్రగా పడి సూపించకుండా వచ్చిన పచ్చని నేను నమ్మను సామీ," అన్నది. నా మధ్యస్థం ఏమైందని అడిగాను. జెస్ట్‌నే ఉంచుదామనీ, జనానికి ఇచ్చేముందు ఒకసారి మోకాలో మాదిరి అందరినీ ఒకే హాలులో కూర్చోబెట్టి కూడా అడుగుదామనీ అన్నది. డేవిడ్ గెలిచాడా, రెడ్డెప్ప గెలిచాడా నాకు తెలియలేదు. ఇద్దరూ గెలిచినట్లే తిరిగారు. నా గళ్ల కాగితాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆడి నెలలో తల్లి చిత్తూరులో పెట్టుకొన్నది. శ్రావణంలో చిన్నాయన పల్లెలో పెట్టాడు. మునికుమారి యథాప్రకారం రెండింటికీ వెళ్లి రెండు చోట్లా తిని వచ్చింది. ఆ నెలలన్నీ ఆమెతో ఆ ప్రస్తావన తేవడానికి నేను జంకాను. నిజం చెప్పి ఉన్న సంధిని పోగొట్టుకొన్న మనిషికి నిజం మంచిదని ఏ నోటితో చెబుతాం? చెప్పవద్దని సలహా ఇచ్చిన మా ముగ్గురిదే తెలివేమోనని కూడా తోచేది. మరునాటికి అది పిరికితనమని తోచేది. ఈ రెండు ఆలోచనల మధ్య నేను ఇంతవరకు కుదుటపడలేదు.

భాద్రపద బహుళం వచ్చింది. ఒకనాడు ఆమె, "అయివోరూ, రేపు మా ఊరికి రాగలరా?" అని అడిగింది. యంత్రం తప్పుగా చెప్పిన ఆ రోజే. "మిషను చెప్పిందని కాదు. ఆ రోజు వంట చేస్తాను, రావాలనుకుంటే రండి అని ఇద్దరికీ చెప్పినాను. ఇద్దరూ ఊ అనలేదు, ఊహూ అనలేదు."

బంగారుపాళెం దాటి, మామిడితోటల మధ్య మట్టిదారిలో వెళ్లాము. తండ్రి, చిన్నాయన పంచుకోని తోట ఒకటి ఉన్నది. అందులో మోటారు రేకుల షెడ్డు. దాని పక్కన మూడు రాళ్లు పెట్టి ఆమే వండింది. రాగిసంగటి, ఊరుబిండి అనే వేరుసెనగ పచ్చడి, చిక్కుడుకాయ కూర. అవి ఆయనకు ఇష్టమట. ఆయన ఫోటో లేదు. లారీ తాళంచెవి ఒకటి పసుపు పూసి ఆకుమీద పెట్టింది. చిన్నాయన ముందే వచ్చి దూరంగా గట్టుమీద కూర్చొని, మోటారు వైరు బాగుచేస్తున్నట్లు నటిస్తున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక ఆటో ఆగింది. తల్లి దిగింది. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె.

"మిషను తప్పంటివి గదా. మళ్లీ ఈ రోజే ఏంది?" అన్నది కూతురితో, మరిదివైపు చూడకుండా.

"తప్పేమ్మా. అయినా సంగటి కెలికేసినాను."

చిన్నాయన వైరు వదిలేసి లేచాడు. "వదినా, నేను పోయిన నెల్లోనే పెట్టేసినాను. ఇది నా లెక్కలోకి రాదు."

"నేను అంతకు ముందు నెల్లోనే పెట్టినాను. నా లెక్కలోకీ రాదు."

"అట్లయితే కూర్చో మరి."

ఆమె కూర్చున్నది. ఆయనా కూర్చున్నాడు. మధ్యలో నాకు ఆకు వేశారు. కాకికి పెట్టిన ముద్ద చాలాసేపు అలాగే ఉండిపోతే, కాకి రాకపోవడం ఎవరి తప్పన్న విషయమై ఇద్దరూ కొంచెం తగువు పడ్డారు. అది వచ్చి ముట్టిన తరువాత తల్లి తన గిన్నె మూత తీసి, తాను చేసుకొచ్చిన వడలు మరిది ఆకులో వేసింది. ఆయన తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు. "మీ అన్నకి అంతే ఇష్టం," అన్నది ఆమె. ఎవరి లెక్కకూ చెందని రోజు గనుక ఎవరూ ఓడిపోలేదు. లెక్క తప్పని తెలిసే వచ్చారు గనుక ఎవరూ మోసపోలేదు. అంతవరకే నాకు అర్థమైంది. ఆ ఇంటి కలహం మాత్రం అక్కడితో తీరలేదు. మరుసటి ఏడు ఆడి నెలలో ఒకరు, శ్రావణంలో ఒకరు పెట్టుకొన్నారని విన్నాను. మూడవది కూడా పెట్టుకొన్నారట.

చేతులు కడుక్కొంటుంటే మునికుమారి చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా అడిగింది. "సామీ, ఇది పాసా, ఫెయిలా?"

నేను చెప్పలేకపోయాను. ఆమెకూ జవాబు తెలుసునని అనుకోను.

ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి ఎవరో ఒకరు పంచాంగంలో సందేహం తీర్చుకోవడానికి వస్తారు. రెండు పంచాంగాలు రెండు రోజులు చెబుతున్నాయి, ఏది పాటించాలండీ అంటారు. పూర్వమైతే గ్రంథం తెరిచి, ప్రమాణం చూపి, ఇది సరి, అది తప్పు అని క్షణంలో తేల్చి పంపేవాణ్ణి. ఇప్పుడూ గణిస్తాను. గణించి, సరైన రోజు ఏదో దాచకుండా చెబుతాను. చెప్పిన తరువాత వారు లేవబోతుంటే ఆపి, ఆ రోజున ఎవరెవరు వస్తారని అడుగుతాను. ఏ సిద్ధాంత గ్రంథంలోనూ ఆ ప్రశ్న లేదు. మా తండ్రిగారు విని ఉంటే మందలించేవారు. అడగడం ఉచితమో కాదో నాకే నిశ్చయం లేదు. అడుగుతూనే ఉన్నాను.